అక్క దించని శ్రుతి

పళ్ళు తోముకోగానే గిటారు తీగ మీటి, దానితో గొంతు కలిపి చూసుకోవడం అక్కకు రోజూ అలవాటు. ఆ రాక్ బ్యాండులో అందరికీ ఆమె అక్కే. పాడేవాడికి మాత్రం సొంత అక్క.

ఒకప్పుడు పాడింది ఆమే. నలభై దాటాక పైస్వరాలు అందక, గిటార్ల శ్రుతి ఒక్క మెట్టు దించమని అడిగింది. "పాటని తగ్గించేది లేదక్కా. అందనివాళ్ళు తప్పుకోవాలి," అని తమ్ముడు మైకు లాక్కున్నాడు. ఆమెకు గిటార్లు శ్రుతి చేసే పని మిగిలింది. పన్నెండేళ్ళు, తీగ బిగించినప్పుడల్లా ఆ మాట మనసులో అనుకునేది.

వాడికీ యాభై వచ్చాయి. ఒక కచేరీకి ముందు తెర వెనక్కి వచ్చి, "అక్కా, ఒక్క మెట్టు దించవా? జనానికి తెలియదులే," అని బతిమాలాడు.

"అలాగే నాన్నా," అంది.

దించలేదు. గిటారు ఏ శ్రుతిలో మోగితే ఆ శ్రుతిలోనే పాట ఎత్తుకోవడం వాడికి అలవాటు. చరణం చివర పైస్వరం దగ్గర గొంతు కీచుమని చీలింది. హాలంతా గొల్లుమంది. డ్రమ్ములు వాయించేవాడు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

పాట అవగానే తమ్ముడు తెర వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. "ఎంత పని చేశావే అక్కా! పరువు తీశావు కదే!"

"పాటని తగ్గించేది లేదురా," అంది అక్క, తీగలు తుడుస్తూ. "అందనివాళ్ళు తప్పుకోవాలి."

ఇప్పుడు ఆమెకు యాభై ఏడేళ్ళు. శనివారం సాయంత్రాలు ఓ చిన్న హోటల్లో, గిటారును రెండు మెట్లు దించుకుని పాడుతుంది.