రోడ్డు మీద రాగి, లారీలో రాతిగుండు

2023 చివర్లో నగరం శివార్లలో, కాడుగోడి దాటాక ఉన్న ఒక కూడలికి బొమ్మలు చేశాను. నా షెడ్డు హూడిలో ఉంది. ఆ ప్రాంతపు రాగి సేద్యం గొప్పను చాటాలన్నారు పని ఇచ్చినవాళ్లు: రెండు ఎద్దులు, కళ్లంలో అవి లాగే నూర్పిడి రాతిగుండు, వెనక ఒక రైతు. అన్నీ ఎఫ్‌ఆర్‌పీ, అంటే గాజునారకు రెసిన్ పూసి అచ్చులో తీసినవి. చూడ్డానికి రాయే, లోపల డొల్ల. పైన పటారం, లోన లొటారం. మా వృత్తే అంత.

ప్రారంభోత్సవానికి ముందురోజు మధ్యాహ్నం లారీలో బొమ్మలతో వెళ్తే, కూడలికి ఇవతలే రోడ్డంతా కోసిన రాగి పైరు పరిచి ఉంది. అక్కడ అది మామూలే. వచ్చే పోయే బండ్లు తొక్కితే గింజలు రాలతాయి. కానీ బొమ్మలు నిలబెట్టాలని ఆ పొద్దున్నుంచే రోడ్డు మూసేశారు. తొక్కే బండి ఒక్కటీ లేదు. పైన మబ్బు పట్టింది.

పైరు ఆ ఊరి రైతు రామక్కది. సైటు ఇంజనీరు ఆమెతో వాదిస్తున్నాడు.

"జేసీబీ వస్తోందక్కా, పక్కకి తోసేస్తాం. కళ్లంలో వేసుకోవచ్చు కదా?"

"కళ్లం యాడుండాదప్పా? ఇళ్ల లేఅవుటయిపోలా? తోస్తే మట్టిలో కలిసిపోతాది. ఏడాది తిండి ఇది. తడిస్తే మొలకలొస్తాయి."

ఆమె లారీ దగ్గరికొచ్చి, టార్పాలిన్ ఎత్తి, నా గుండును పిడికిలితో కొట్టి చూసింది.

"లోపల ఏమీ లేదే! దీంతో ఏం నూరుస్తావప్పా?"

నాకు రోషం వచ్చింది. నెల రోజులు కష్టపడి చేసిన గుండు అది.

"గుండు పోనీ, లారీ ఉండాది కదా. స్వల్ప ముందుకీ వెనక్కీ నడిపించప్పా," అంది రామక్క.

"బొమ్మలు పగిలితే ఎవరు సార్ రెస్పాన్సిబుల్?" అన్నాడు ఇంజనీరు.

"నేనే," అని తాళ్లు బిగించి, డ్రైవరును పైరు మీదుగా బండి పోనిమ్మన్నాను. లారీ తొక్కుతుంటే ఆమె పైరు తిరగేస్తూ వచ్చింది. విసుక్కుంటూనే ఇంజనీరు కూడా ఓ కర్ర పట్టుకున్నాడు. పైన ఎద్దులూ రైతూ ఊగుతూ, కింద గింజలు రాలుతూ ఉంటే నాకు నవ్వాగలేదు. గింజలు ఊడ్చి మూటలు కట్టాక చినుకులు మొదలయ్యాయి.

మర్నాడు పెద్దలు రైతు చెమట గురించి చాలాసేపు మాట్లాడారు. రామక్క రాలేదు. ఇంటి ముందు చేటతో రాగి చెరుగుతోందట.

ఇప్పుడు ఏ ఆర్డరొచ్చినా, బొమ్మ పెట్టే చోట ప్రస్తుతం ఎవరు ఏం చేసుకుంటున్నారని ముందే అడుగుతాను. పని ఇచ్చేవాళ్లకు సాధారణంగా తెలియదు. నేనే వెళ్లి చూసొస్తాను.