సున్నం రాజలింగు గీసిన హులియా

సున్నం రాజలింగుకు మనిషిని ఉన్నది ఉన్నట్టు గీయడం జన్మలో చేతకాలేదు. పోనీ, చేతకాని పని మానేసి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. నర్మెట్ట చుట్టుపక్కల ఏడూళ్ళ గోడలకు సున్నం వేసేది అతనే. ఎవరింటికి వేసినా మొదటి పూత ఆరీ ఆరకముందే చెవి సందులోంచి బొగ్గుముక్క తీసి, ఆ ఇంటివాళ్ళ మొహం గోడ మీద గీసేవాడు. రెండో పూతతో అది చెరిగిపోవాలన్నది ఒప్పందం. రెండో పూత వేళకు రాజలింగు పక్క ఊళ్ళో ఉండేవాడు.

పెంటమ్మకు బీరకాయంత ముక్కు పెట్టాడు. ఆమె మూడు రోజులు ఆ ముక్కు కింద నిలబడి తిట్టింది. పాపయ్య డొక్కలు దూరం నుంచి కూడా లెక్కపెట్టవచ్చు. అలాంటివాడికి కాగంత బొజ్జ తగిలించాడు. పాపయ్య తన కడుపు తడిమి చూసుకుని, "ఇదెప్పుడొచ్చిందే?" అని పెళ్ళాన్ని అడిగాడట.

ఎవరెన్ని తిట్టినా రాజలింగు అడిగేది ఒక్కటే.

"పోలిక పడ్డదా, లేదా?"

"పడలే!"

"సున్నం ఆరనియ్యుండ్రి, అదే పడ్తది."

సున్నం ఆరేది, ఆరి పెచ్చులు కూడా ఊడేది. పోలిక మాత్రం పడేది కాదు.

అందరికంటే ఎక్కువ తిట్టింది ఎల్లక్క. ఆమె గొంతు లేచిందంటే పక్క వాడలో పాలు తాగే దూడ కూడా తల ఎత్తేది. ఆమె ఇంటిగోడ మీద రాజలింగు ఆమె మొగుడు గట్టయ్యను గీశాడు.

"ఇదేంది రాజలింగు? గివి చెవులా, చాటలా? నా మొగడు గీ చెవులతోని వడ్లు చెరగాల్నా?"

"సున్నం ఆరనియ్యి ఎల్లక్కా."

"ఆరనిస్తనా! నిన్ను గూడ గదే గోడకు ఆరబెడ్త!"

గట్టయ్య మాత్రం గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎప్పుడూ మూతికి అడ్డం పెట్టుకునే తువ్వాలు జారిపోయిందని కూడా చూసుకోకుండా నవ్వాడు. "ఉండనియ్యవే, మంచిగనే ఉన్నది" అన్నాడు. మొగుడి మాట కాదనలేక ఎల్లక్క ఆ బొమ్మను చెరపలేదు గానీ, రాజలింగుతో మాట మానేసింది. తిట్టడం మానలేదు.

తర్వాత సంఘం వచ్చింది. వెట్టి చేసేది లేదని ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. దొర గడికి తాళం వేసి హైదరాబాదు పోయాడు, గట్టయ్య దళంలోకి పోయాడు, గడిలోకి పోలీసులొచ్చారు. నర్మెట్ట బాట మీద, బండ్ల బాట మీద తనిఖీ నాకాలు పెట్టి వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూడసాగారు.

గట్టయ్య మూడు మైళ్ళ అవతల జొన్నచేలో దాగి ఉన్నాడని ఎల్లక్కకు తెలుసు. నాకా దాటి కొత్తగూడ అడవి చేరితే బతుకుతాడు. దొరికితే ఆ చేను గట్టు మీదే కాల్చేస్తారు.

గడిలో దిగిన పోలీసు అమీను ఈ ప్రాంతానికి కొత్త. గట్టయ్యను ఎన్నడూ చూడలేదు. గట్టయ్య ఫోటో దిగిన మనిషి కాదు. ఒకనాటి పొద్దున ఊరినంతా ఎల్లక్క ఇంటి ముందు నిలబెట్టి అడిగాడు.

"గట్టయ్యది హులియా ఏంది? ఎట్లుంటడు? జల్దీ చెప్పుండ్రి!"

అందరూ కాళ్ళ వైపు చూసుకున్నారు. అమీను కళ్ళు గోడ మీద పడ్డాయి.

"గిదెవని బొమ్మ?"

"గట్టయ్యది సార్. నేనే గీసిన" అన్నాడు రాజలింగు, అడగకముందే ముందుకొచ్చి.

ఎల్లక్క "నీ చెయ్యి ఇరిగిపోను" అనబోయింది. మొదటిసారి ఆమెకు గొంతు రాలేదు.

అమీను జనం వైపు తిరిగాడు. "సచ్ చెప్పుండ్రి. పోలిక పడ్డదా?"

ఇన్నేళ్ళుగా ఏడూళ్ళు ఏకగ్రీవంగా 'పడలే' అన్న ప్రశ్న అది. ముందుగా పెంటమ్మ కొంగు సర్దుకుంది.

"పడ్డది సార్! అచ్చం గట్టయ్యే. ఆ చెవులు జూడుండ్రి!"

"పడ్డది! పడ్డది!" అన్నది ఊరంతా. పాపయ్య అయితే ఆ చెవులు ఇంకో జానెడు ఉండాలన్నాడు.

జవాను కాగితం మీద రాసుకున్నాడు: హులియా. చెవులు చాటలంత. పెదవి నిండుగా ఉంటది. కోరమీసం.

పెదవి అన్న మాట వినగానే ఎల్లక్క తలెత్తి, ఆ బొమ్మ మూతి వైపు చూసింది, ఇన్నేళ్ళకు. గట్టయ్య పైపెదవి చీలి పుట్టినవాడు. గ్రహణం మొర్రి. మొర్రోడా అని తోటివాళ్ళు ఏడిపిస్తే చిన్ననాడే మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకోవడం నేర్చాడు. గోడ మీద మాత్రం అతనికి నిండైన పెదవి ఉంది. ఆ చెవుల ధాటికి ఇన్నాళ్ళూ ఎవరి చూపూ మూతి దాకా దిగలేదు.

ఆ రోజు ఎల్లక్క ఊరంతా తిరిగి గోడలు చూసింది. పెంటమ్మ మొహం నిండా అమ్మవారు పోసిన మచ్చలు. బొమ్మలో ముక్కు కొండంత ఉంది, మచ్చ ఒక్కటీ లేదు. కడుపు నిండా తిని ఎరగని పాపయ్య అక్కడ తేన్పు తేన్చేవాడిలా కూర్చున్నాడు. ఇన్నేళ్ళు ఎట్లాంటి మనిషిని తిట్టానని గోడకు ఆనుకుని ఏడ్చి, మళ్ళీ ఆ బొజ్జ చూసి నవ్వింది.

రాజలింగు చేత ఆరు కాగితాల మీద అదే బొమ్మ గీయించి నాకాలకు పంపారు. రెండు రోజులు ఒక్క చాట చెవీ దొరకలేదు. మూడో రోజు దొరికింది. గడిలో ధాన్యం చూసుకోవడానికి దంతాలపల్లి నుంచి కచ్చురం బండిలో వస్తున్న దొర బామ్మర్దిది ఆ చెవి. దేవుడు ఆయనకు చెవుల విషయంలో ఏ లోటూ చేయలేదు.

"నేను దొర బామ్మర్దినిరా!"

"దొరికినోడల్ల గదే చెప్తడు. చెవి ఇటు తిప్పు!"

అందరూ ఆ చెవుల చుట్టూ మూగి కొలతలు చూస్తుండగా, కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని, ఎల్లక్క పంపిన కబురు ప్రకారం మూతికి ఏ అడ్డమూ లేకుండా గట్టయ్య వచ్చాడు. ఒక జవాను బొమ్మ చూసి, అతని చెవులు చూసి విసుక్కున్నాడు. "నీయి సన్నగున్నయ్. చల్, పో!"

గట్టయ్య పోయాడు. కొత్తగూడ అడవి దాకా పోయాడు.

బామ్మర్ది సంగతి తేలాక అమీను మండిపడుతూ ఊరి మీదికొచ్చాడు. రాజలింగు వీపు మీద నాలుగు లాఠీ దెబ్బలు పడ్డాయి.

"ఝూటా బొమ్మ గీస్తవారా!"

"నాకు గీసుడే రాదు సార్! ఏడూళ్ళల్ల ఎవర్నన్న అడుగుండ్రి!"

అడిగారు. ఏడూళ్ళూ సాక్ష్యం చెప్పాయి. ఈ మనిషి పుట్టినప్పటి నుంచి ఒక్క పోలికా పట్టలేదని, పట్టలేడని, కావాలంటే గోడలు చూసుకోమని. పెంటమ్మ తన ముక్కునూ గోడ మీది ముక్కునూ పక్కపక్కనే చూపించింది.

"మరి మొన్న పడ్డదంటివి కద ముసల్దానా?"

"మొన్న సున్నం తడి మీదుండె సార్. ఆరినంక తెలిసింది."

అమీను తల పట్టుకున్నాడు. చేతకానివాడని ఏడూళ్ళలో సంపాదించిన చెడ్డపేరే ఆనాడు రాజలింగు ప్రాణం నిలబెట్టింది.

పోరాటం ఆగి, జైలు కూడా చూసి గట్టయ్య ఇల్లు చేరిన ఏడాది ఎల్లక్కే కబురుపెట్టి రాజలింగును సున్నానికి పిలిచింది. మొదటి పూత అయ్యాక అడిగింది.

"మచ్చలు, మొర్రులు అందరివి ఎందుకు దాస్తవు రాజలింగు?"

"బాయిల తొంగిజూస్తె రోజు కనబడేదే కదా ఎల్లక్కా. మళ్ల గోడ మీద గూడ ఎందుకు?"

ఎల్లక్క వచ్చి గోడ ముందు నిలబడింది. తర్వాత, "ఇయ్యాల నన్ను గియ్యి" అంది.

రాజలింగు గీశాడు. గుమ్మడికాయంత కొప్పు, దాని కింద ఎల్లక్క. గట్టయ్య చూసి విరగబడి నవ్వాడు. ఎల్లక్క కొప్పు మాట వదిలేసి, నా దగ్గర దాచాల్సింది ఏముందబ్బా అని మొహమంతా వెతికింది. దొరికింది. ఆవగింజంత నోరు పెట్టాడు.

తిట్టడానికి ఆమె నోరు తెరిచింది. ఏడు వాడలూ చెవులు రిక్కించాయి. తెరిచిన నోరు మూసి, చెంబు తీసుకుని అతని చేతుల మీద నీళ్ళు పోస్తూ, పక్కనున్న గట్టయ్యకు కూడా సరిగా వినపడనంత మెల్లగా అంది.

"అన్నా, నీ పుణ్యాననే నా మొగడు ఇంట్ల కూసున్నడు. బువ్వ తిని పో."