మగ్గం గదిలో నాయన

ఇవాళ ఇస్త్రీ బండి దగ్గర గంజి వాసన తగలగానే మా ఊరు నగరిలోని మగ్గం గది గుర్తొచ్చింది. ఐదో తరగతిలో ఇంగ్లీషు టీచరు ‘లోన్లీ’తో వాక్యం రాయమంటే, ఆ గదిలో ఒక్కడే కూర్చుని నేసే నాయన గురించి రాశాను. టీచరు ఆ మాట కొట్టేసి ‘అలోన్’ అని దిద్దింది.

“రెండూ ఒంటరనే గదా నాయనా?” అని ఇంటికొచ్చి నోట్సు చూపించి అడిగాను.

“ఒక్కన్నే ఉండాను గానీ, నాకు ఒంటరితనం యాడిది పాపా? వసారాలో మీయమ్మ రాట్నం ఇనబడతానే ఉండాది గదా” అన్నాడు. నాకు అర్థం కాలేదు.

మరుసటేడు మగ్గం తీసేసి, నాయన మరమగ్గాల షెడ్డులో పనికి చేరాడు. ఒక మధ్యాహ్నం క్యారియరు తీసుకెళ్లాను. పదిమంది మధ్య నిలబడి ఉన్నాడు. మూడుసార్లు పిలిచినా ఆ మోతలో వినబడలేదు.

నా వాక్యం ఆ రోజు షెడ్డులో నాయనను చూసి రాసి ఉంటే, టీచరు ‘లోన్లీ’ని కొట్టేసేది కాదు.