పై దేశం వంతు

అంత చిన్న దేశానికి విదేశాంగ మంత్రిగా ఉండటమే కత్తి మీద సామంటే, ఆయన కారు నడపడం ఇంకా పెద్ద సాము. పైన ఒక పెద్ద దేశం, కింద ఇంకో పెద్ద దేశం. ఆ రెంటి మధ్య పచ్చగడ్డి వేసినా భగ్గుమంటుంది. అందుకని శాఖలో ఒక ఆనవాయితీ ఉంది. మంత్రిగారు ఒక రాయబారి ఇంట్లో కాఫీ తాగితే, ఆ వారంలోనే రెండో రాయబారి ఇంట్లోనూ తాగాలి. ఒక దేశానికి వెళ్ళొస్తే తరువాతి వంతు రెండోదానిది. ఈ వంతు మంత్రికే కాదు, శాఖలో తోటమాలి దాకా అందరికీ వర్తిస్తుంది.

డ్రైవరుకి ఈ పద్ధతి ఒంటబట్టేసింది. ఒక ఆదివారం అత్తవారింటికి వెళ్తే, మరుసటి ఆదివారం తన పిన్నిని చూసి తీరాలనేవాడు. ఇంట్లో కూడా రాయబారమేనా అని భార్య దెప్పేది. మనం ఎటూ ఒరగం కాబట్టే మన పిల్లలు బడికెళ్తున్నారు, లేకపోతే ఎవరి యుద్ధంలోనో నలిగిపోయేవాళ్ళం అనేవాడు. అందులో తప్పేమీ లేదు, పాపం.

చిక్కల్లా అక్క దగ్గర వచ్చింది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క. పెళ్ళయి పై దేశంలో ఉంటోంది. ఆమెకి గుండె ఆపరేషను చేస్తారని బావ ఫోన్ చేశాడు. ఆమె కూడా ఆయాసపడుతూనే మాట్లాడి, ఆపరేషనుకి ముందు ఒక్కసారి వచ్చి కనబడమంది.

వెళ్ళాలంటే శాఖ అనుమతి కావాలి. మంత్రిగారితో కిందటిసారి వెళ్ళింది పై దేశానికే కాబట్టి ఇప్పుడు వంతు కింది దేశానిది. పైగా సరిహద్దుల్లో రెండువైపులా సైన్యాలు దిగి ఉన్నాయి. కారులో మంత్రిగారినే అడిగాడు. మంత్రిగారు చేతిలో కాగితాలు పక్కన పెట్టారు.

"నువ్వు నా డ్రైవరువయ్యా. ఇప్పుడు పైకెళ్తే, నీ చేత నేనేదో కబురు పంపానంటారు కిందివాళ్ళు. ముందు కిందికెళ్ళొద్దాం. రాగానే పైకి ప్రయాణం పెట్టిస్తాను, నిన్నే తీసుకెళ్తాను."

మంచి మనిషే, కాదనలేం. డ్రైవరు సరేనన్నాడు. ఉద్యోగం పోతే పోయిందని బస్సెక్కొచ్చు కదా అని మనం అనొచ్చు. అనడానికేం! ఆ రెండు సైన్యాల మధ్య పిల్లల్ని పెంచి చూస్తే తెలుస్తుంది.

ఆపరేషను జరిగే పూట అతను కింది దేశంలో, చర్చలు జరిగే మేడ బయట, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. అక్కడి అధికారి ఒకడు వచ్చి, పై దేశంలో ఉన్న మీ అక్కగారికి ఎలా ఉందని మర్యాదగా అడిగాడు. ఆమె జబ్బు సంగతి కూడా తెలిసినవాళ్ళకి, తను వెళ్తే ఎందుకు వెళ్ళాడో తెలియకపోయేదా? ఆ మాట ఎవరితోనూ అనలేక లోపలే కుమిలిపోయాడు.

మంత్రిగారు మాట తప్పలేదు. తిరిగొచ్చిన వెంటనే పై దేశానికి ప్రయాణం పెట్టించారు. అక్క బతికింది. మంచం మీద సగమైపోయి పడుకుని ఉంది. వచ్చేశాను కదక్కా అంటూ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆమె తల నిమిరి, కిటికీలోంచి కనబడుతున్న మంత్రిగారి జెండా కారు వైపు చూసింది.

"నాకోసం వచ్చావా, మా దేశం వంతొచ్చిందని వచ్చావా రా?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నీకోసమే అనబోయాడు. ఆ మాట నిజమో కాదో అతనికే తెలియలేదు.