పేజీ అడుగున బూట్ల వరుస

మా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అమ్మాయిల విభాగం పేజీ తెరిచి వేలితో అడుగుదాకా జరిపితే, చివర ఇసుక రంగు టైల్స్ మీద వరుసగా బూట్లు కనిపిస్తాయి. ఎర్రవి, పచ్చవి, మెరిసేవి, లేసులు వదులుగా వేలాడేవి. ఆ పేజీ నేను చేశాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు? చదువుకుంటూనే చేశాను, పట్టుబట్టి చేశాను, నెగ్గాను కూడా. ఎవరైనా ఏం చదివావని అడిగితే ముందు ఫోన్ తీసి ఆ పేజీ చూపిస్తాను, తర్వాతే మాట్లాడతాను.

అమ్మ సౌదీలో, దమ్మామ్ ఊళ్ళో ఒక ఆసుపత్రిలో నర్సు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు కాకినాడ నుంచి వచ్చాం. నాన్న బురైదా దగ్గర ఖర్జూర తోటల సరుకు లారీ నడుపుతారు, సెలవు దొరికినప్పుడల్లా మా దగ్గరికి వస్తారు. మేమెరిగిన ఆంటీలందరూ నర్సులే, వాళ్ళ కూతుళ్ళూ ఆ దారే పట్టారు. నేనొక్కదాన్నే గ్రాఫిక్ డిజైన్ అన్నాను. అమ్మ లెక్కలో అది బొమ్మలేసుకునే చదువు. ఈ దేశంలో ఉద్యోగముంటేనే ఇకామా, అంటే ఉండటానికిచ్చే అనుమతి కార్డు, ఇకామా ఉంటేనే నెత్తిన నీడ. బొమ్మలకి ఉద్యోగం ఎవరిస్తారని ఆవిడ భయం. నేను డిగ్రీ రెండో ఏడులోకి వచ్చేసరికి ఇక దాచుకోలేక తేల్చేసింది.

"ఈ ఏడు తిరిగేలోగా నలుగురూ చూసే పని ఒక్కటి చేసి చూపించవే. చూపించావా, నర్సింగ్ మాట ఇంక ఎత్తను. లేదంటే కాకినాడలో సీటు చూసి పంపించేస్తా. తర్వాత నా మీద ఏడవకు."

సరే అన్నాను. నాకు ముక్కు మీద కోపం, ఆ కోపంలో దేనికైనా సరే అనేస్తాను. అమ్మ ఆ సాయంత్రమే పక్క ఫ్లాట్ ఆంటీకి సీటు సంగతి చెప్పేసింది. ఆంటీ కూడా అదే ఆసుపత్రిలో నర్సు. కాకినాడలో వాళ్ళ అన్నయ్యకి నర్సింగ్ కాలేజీలో తెలిసినవాళ్ళున్నారట. అప్పటినుంచి మెట్ల మీద ఎదురుపడ్డప్పుడల్లా ఆంటీ నాకు నర్సింగ్ గొప్పతనం చెబుతూనే ఉంది.

ఆ ఏడే మా డిజైన్ విభాగంలో నన్ను విద్యార్థి డిజైనర్‌గా తీసుకున్నారు. పోస్టర్లు, సర్టిఫికెట్లు, క్యాంటీన్ ధరల బోర్డు, ఇవీ నా పనులు. క్యాంటీన్ బోర్డు బాగుందని అందరూ అన్నారు గానీ, సమోసా ధర పెద్దక్షరాల్లో రాశానని అమ్మకి చూపించలేను కదా! విభాగం చూసుకునేది ఒక సౌదీ మేడమ్. డాక్టరేట్ ఉన్న ఆడ టీచర్లని ఇక్కడ దక్తూరా అంటారు, మేమూ ఆవిణ్ణి అలాగే పిలిచేవాళ్ళం. తక్కువ మాట్లాడతారు. పని నచ్చకపోతే ల్యాప్‌టాప్ మూత మెల్లగా సగం దించుతారు, అంతే.

కొత్త అడ్మిషన్లకి అమ్మాయిల విభాగం పేజీ కొత్తగా చేయాలని పైనుంచి కబురొస్తే, దక్తూరా ఆ పని నాకిచ్చారు. ఎగిరి గంతేశాను. మొదటి రోజే చిక్కొచ్చిపడింది. పేజీ నిండా మా అమ్మాయిలే ఉండాలి, కానీ చాలామంది తమ మొహం ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఒప్పుకోలేదు. కాలం మారిందంటారు, మారింది కూడా. క్లాసులో తుళ్ళిపడుతూ ఫొటోలు దిగుతారు, అవి వాళ్ళ ఫోన్లు దాటి బయటికి రావు. నా పక్క సీటు సౌదీ అమ్మాయి, పేజీకి కోడ్ రాసేది తనే, అందరికంటే ముందు తనే వద్దంది. నానమ్మకి తెలిస్తే వారం రోజులు ఇంట్లో అదే పాట అని నవ్వింది. బలవంతం చేసే విషయం కాదు.

ఈలోగా ఆఫీసువాళ్ళు బయటి కంపెనీతో ఒక నమూనా చేయించారు. అన్నీ కొన్న ఫొటోలు. ముగ్గురు అమ్మాయిలు పుస్తకాలు గుండెకి హత్తుకుని నవ్వుతున్నారు, వాళ్ళలో ఒక్కరు కూడా మా క్యాంపస్ గడప తొక్కలేదు. వెనక ఏదో చలిదేశపు చెట్లు. మా దమ్మామ్ ఎండలో అలాంటి చెట్టు ఒక్క పూట బతకదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే, ఆ ఆదివారం మీటింగ్‌లో మా పేజీ నచ్చకపోతే కంపెనీ నమూనాయే ఖాయమని దక్తూరా చెప్పారు. అంటే నలుగురూ చూసే నా ఒక్క పనీ చేజారిపోయినట్టే. ఆంటీ వాళ్ళ అన్నయ్య కాలేజీ గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నట్టే అనిపించింది.

మధ్యాహ్నం నమాజు వేళకి అమ్మాయిలు ప్రార్థన గదికి వెళతారు. మేం క్రైస్తవులం కాబట్టి నేను బయట బెంచీ మీద కూర్చుని అందరి బ్యాగులకీ కాపలా కాస్తాను. చేరినప్పటినుంచీ ఆ పని నాదే. ఎవరూ అప్పజెప్పలేదు, నేనూ వదల్లేదు. ఆ రోజు చిరాగ్గా కూర్చుని గుమ్మం ముందు విడిచిన బూట్లని చూస్తున్నాను. నమాజు అయిపోయి అందరూ బయటికొచ్చారు. అందరి ఒంటి మీదా నల్ల అబాయాలే. కానీ ఒక్కరు కూడా తడుముకోలేదు, ఎవరి జత దగ్గరికి వాళ్ళు నేరుగా వెళ్ళి కాళ్ళు దూర్చేశారు. పచ్చవి కోడ్ రాసే అమ్మాయివి. వెండి మెరుపులవి ప్రతి క్లాసుకీ ఆలస్యంగా వచ్చేదానివి. కింద చూస్తే చాలు, నాకు అందరూ తెలుస్తున్నారు. ఓసి పిచ్చిదానా, ఇన్నాళ్ళూ నీ కళ్ళముందే ఉంది కదే అనుకున్నాను.

ఇంక ఆగానా? ఆ ఊపులోనే నమూనా చేసేశాను. పేజీ నెత్తిన, యూనివర్సిటీ గుర్తు పక్కనే, గాల్లోకి ఎగిరిన అమ్మాయిల కాళ్ళు. బూట్ల అడుగుభాగాలు సరిగ్గా చూసేవాళ్ళ మొహానికి ఎదురుగా. నా కంటికి అద్భుతం. దక్తూరా చూశారు. మూత సగం దిగింది. అప్పుడు కనిపించింది నాకు. ఇక్కడ ప్రతి పేజీ మొదట్లో, గుర్తు పైన ఉండేది దేవుడి పేరు, దాన్ని ఆనుకుని నేను పెట్టింది బూట్ల అడుగులు. ఇక్కడ బూటు అడుగు ఎదుటి మనిషికి చూపించడమే పెద్ద అవమానం. ఆవిడ కోప్పడలేదు. ఒక్కటే అడిగారు.

"మీ ఇంట్లో వీటిని ఎక్కడ విడుస్తారు?"

పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినదాన్ని నేను. చెప్పులతో బైబిలున్న గదిలోకి వస్తే అమ్మ వీపు విమానం మోత మోగిస్తుంది. అంతా తెలిసి ఎలా పెట్టానో ఇప్పటికీ అర్థం కాదు. గుమ్మం దగ్గర, కింద అని గొణిగాను. దక్తూరా మూత మళ్ళీ పైకెత్తి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. అంతే, నాకు వెలిగింది.

పేజీని ఇల్లు కట్టినట్టు కట్టాను. పైన దేవుడి పేరు, గుర్తు, ఖాళీగా మా ఆకాశం. మధ్యలో చదువులు, ల్యాబులు, అప్లై చేసే చోటు. అన్నిటికంటే అడుగున గుమ్మం, గుమ్మం ముందు బూట్లు. ఎగరడాలు లేవు, అందరూ నేలమీదే నిలబడాలి. ఒక జత మీద వేలు పెడితే ఆ అమ్మాయి ఏం చదువుతుందో తన మాటల్లోనే ఒక వాక్యం వస్తుంది. మొహానికి వద్దన్నవాళ్ళందరూ బూట్లకి ఎగబడ్డారు. కొందరు కొత్తవి కొనుక్కొచ్చారు కూడా, రోజూ వేసుకునేవే కావాలని నేను కేకలేసి వెనక్కి పంపాను.

కెమెరా నేలమీద పెట్టి అందరినీ తీశాక వరుస చివర కొంచెం చోటు మిగిలింది. నువ్వూ స్టూడెంటువే కదా, వెళ్ళి నిలబడు అన్నారు దక్తూరా. నా కాళ్ళకున్నవి అమ్మ ఆసుపత్రి బూట్లు. మా ఇద్దరి పాదాలూ ఒకటే కొలత. ఆవిడ కొత్తవి కొన్నప్పుడల్లా పాతవి నాకొస్తాయి. తెల్లవి, ఎన్నిసార్లు తుడిచినా కొంచెం పసుపుగా ఉండేవి, పక్కన ఊడినచోట అమ్మ నల్లదారంతో వేసిన కుట్టు. వేరేవి వేసుకోమని పక్క సీటు అమ్మాయి తనవి ఇవ్వబోయింది. రోజూ వేసుకునేవే అని అందరి మీదా అరిచింది నేనే కదా, అలాగే వెళ్ళి నిలబడ్డాను.

ఆదివారం దక్తూరా ల్యాప్‌టాప్ తీసుకుని మీటింగ్‌కి వెళ్ళారు. మేం బయట కూర్చున్నాం. పక్క సీటు అమ్మాయి వాళ్ళింటి ఖర్జూరాలు నోట్లో పెడితే రుచి కూడా తెలియలేదు. లోపల ఒక పెద్దాయన మొహాలేవని అడిగారట. మా అమ్మాయిలు తమని తాము గుర్తుపడతారు, ఇంట్లోవాళ్ళకి ఏ అభ్యంతరమూ ఉండదు, కంపెనీ ఫొటోలో ఆ ముగ్గురూ ఎవరో మాత్రం మీరూ చెప్పలేరు అన్నారట దక్తూరా. బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి మబ్రూక్, శుభాకాంక్షలు అన్నారు. కంపెనీ నమూనా వెనక్కి వెళ్ళిపోయింది. పక్క సీటు అమ్మాయి నన్ను పట్టుకుని వరండా అంతా తిప్పేసింది.

పేజీ పెట్టిన రోజునుంచి క్యాంపస్‌లో తలలన్నీ కిందికే. అవి నీవా, ఇవి దానివా అని ఒకటే గోల. పక్క సీటు అమ్మాయి నానమ్మ పచ్చ బూట్లని చూసి, ఇదేం రంగని మాత్రం తిట్టిందట. కొత్తగా చేరాలని చూడటానికి వచ్చిన అమ్మాయిలు మా కాళ్ళ వంక చూస్తూ నడిచారు. గేటు దగ్గర పెద్ద తెర మీద ఆ వరుస వెలుగుతుంటే దాని ముందు నిలబడి కడుపునిండా చూసుకున్నాను. ఎంత గర్వపడాలో అంతా పడ్డాను.

అమ్మకి మాత్రం చెప్పలేదు. నలుగురూ చూసేదే చూపించమంది కదా, ఆ నలుగురే చూపిస్తారులే అని మొండికేశాను.

ఒక మధ్యాహ్నం డ్యూటీ మారే వేళకి, కలిసి ఇంటికి వెళ్దామని ఆసుపత్రికి వెళ్ళాను. రిసెప్షన్ బల్ల చుట్టూ నర్సులు మూగి ఉన్నారు. అక్కడ పనిచేసే సౌదీ అమ్మాయి తన చెల్లెలి అడ్మిషన్ కోసం మా పేజీ తెరిచి, వింతగా ఉందని అందరికీ చూపిస్తోంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ముందుకి వంగింది. ఆమె వేలు తెర మీద ఒక్కో జతా దాటుకుంటూ వెళ్ళి చివర్న ఆగింది. నల్లదారం కుట్టు దగ్గర. ఆమె చేత్తో వేసిన కుట్టు ఆమెకి తెలియదా? వేలు తగలగానే నా వాక్యం వచ్చింది, గ్రాఫిక్ డిజైన్ చదువుతున్నాను, ఈ పేజీ చేసింది నేనే అని. తర్వాత వెనక్కి తిరిగితే నేను కనిపించాను. ఆమె కళ్ళనిండా నీళ్ళు. అటు తిరిగి, పక్క ఫ్లాట్ ఆంటీతో, మొత్తం వార్డుకి వినబడేలా చెప్పింది.

"ఆ బూట్లు నావి వదినా. నిలబడింది మా అమ్మాయి. ఈ పేజీ అంతా మా అమ్మాయే చేసింది."

ఆంటీ తెర వంకా నా వంకా మార్చి మార్చి చూసి, మరి కాకినాడలో సీటు సంగతి అన్నయ్యకి ఏం చెప్పమంటావని అడిగింది.

"ఏ సీటు?" అంది అమ్మ.