దియొలిందా ఒప్పుకోని తరుగుదల

ఏటా ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చర్చి నుంచి ఇంటికొచ్చాక, దియొలిందా ఫుర్తాదో వంటింటి బల్ల శుభ్రంగా తుడిచి పన్ను కాగితాలు పరుచుకునేది. పక్కన కాఫీ, పళ్ళెంలో తీపి రొట్టె. అద్దెల కాగితం నింపుతూ నింపుతూ ఒక గడి దగ్గరికొచ్చేసరికి ఆవిడ మొహం గంటు పెట్టుకునేది. ఆ గడి పేరు తరుగుదల. ఇల్లు ఏటికేడు పాతబడి అరిగిపోతుంది కదా, ఆ అరిగినంతా అద్దె రాబడిలోంచి తీసేసి పన్ను తగ్గించుకోమని సర్కారు వాళ్ళు ఇచ్చిన గడి. ఊళ్ళో అద్దెలకిచ్చే ప్రతివాడూ కళ్ళకద్దుకుని నింపే గడి. దియొలిందా మాత్రం అందులో అడ్డగీత కొట్టేది.

"నా ఇల్లు అరిగిపోతోందని నా చేత్తో నేనే రాసివ్వాలా? ఏం బుద్ధులు వీళ్ళవి!" అనేది, బల్ల దగ్గర ఎవరూ లేకపోయినా సరే.

ముప్ఫై నాలుగేళ్ళు అలాగే కొట్టింది. మొండిదంటారా? మొండిదే. కానీ ఆ మొండితనం ఊరికే రాలేదు. పదిహేడేళ్ళ పిల్లగా పోర్చుగల్ వాళ్ళ అజోరెస్ దీవుల నుంచి అమెరికాలో మా ఫాల్ రివర్‌లో దిగినప్పుడు చేతిలో ఒక్క పెట్టె. కర్టెన్ల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు కుట్టుమిషను ముందు కూర్చుంది. పెళ్ళి మాటెత్తితే, "ముందు ఇల్లు, తరవాత మొగుడు" అని నవ్వేది. ఇల్లొచ్చింది. మొగుడి సంగతి మరిచేపోయింది. మా ఊళ్ళో వీధికి పాతిక ఉండే మూడంతస్తుల చెక్క ఇళ్ళలో అదొకటి. కింద తను, పై రెండింట్లో అద్దెకున్నవాళ్ళు.

అబ్బ, ఆ రోజులే వేరు! ప్రతి వసంతంలో మూడంతస్తులకీ తనే నిచ్చెనేసుకుని రంగు వేసేది. పెరట్లో ద్రాక్ష పందిరి. శనివారం క్యాబేజీ, సాసేజీ వేసి పులుసు కాచిందంటే ఆ వాసనకి మూడో అంతస్తు నుంచి గరిటె పట్టుకుని మరీ దిగేవాళ్ళు. అద్దె కవరు ఇవ్వడానికొచ్చి గంటసేపు కబుర్లాడి, కవరు ఇవ్వడం మర్చిపోయి పైకెళ్ళిన వాళ్ళున్నారు. అప్పటి మనుషులు తలుపు తట్టేవాళ్ళే కారు, నేరుగా వచ్చేసేవాళ్ళు. ఇప్పుడు అందరికీ ఫోన్లు.

మూడో అంతస్తులో ముందు ఎర్మెలిందా కుటుంబం ఉండేది. ఆవిడ పోయాక కూతురు ఇదాలీనా, మొగుడు, ఇద్దరు పిల్లలు అక్కడే ఉండిపోయారు. నాలుగేళ్ళ వయసులో వచ్చిన పిల్ల ఇదాలీనా, ఆ ఇంట్లోనే పెరిగింది. దియొలిందాకి డెబ్బై నిండి మోకాళ్ళు మొండికేశాక, చర్చి పక్కన ఒక గదీ వంటిల్లూ ఉన్న చిన్న ఫ్లాటు చూసుకుని, ఇల్లు ఇదాలీనాకే అమ్ముతానని మాటిచ్చింది. ధర కూడా ఆ రోజే చెప్పేసింది. ఆ ధరకి సరిగ్గా సరిపోయేంత అప్పు బ్యాంకు ఒప్పుకుంది, ఆపైన ఒక్క డాలరు ఇవ్వనంది.

అమ్మేముందు ఓసారి అడుగుదామని నార్బెర్టో దగ్గరికి వెళ్ళింది. ఫ్యాక్టరీలో పక్క మిషను మీద కుట్టిన స్నేహితురాలి కొడుకు, పన్నులు రాసిపెడతాడు. పాత కాగితాలన్నీ తిరగేసి తల పట్టుకున్నాడు.

"పిన్నీ, ఇదేం పని! ఒక్క ఏడాదీ తరుగుదల తీసుకోలేదా?"

"తీసుకోలేదు. ఏం, నేరమా?"

"నేరం కాదు, నష్టం. నువ్వు తీసుకోకపోయినా తీసుకున్నట్టే లెక్కేస్తారు వాళ్ళు. ఇల్లమ్మిన రోజున దాని మీద పన్ను గుంజుతారు. దాదాపు పన్నెండు వేల డాలర్లు."

దియొలిందా బల్ల మీద చెయ్యి చరిచింది. "నేను తినని రొట్టెకి డబ్బులా? దొంగ సచ్చినోళ్ళు!"

"తిట్టకు, దారుంది. ఇన్నేళ్ళూ లెక్క తప్పు చేశాం, ఇప్పుడు సరిచేసుకుంటున్నాం అని ఒక ఫారం పెట్టొచ్చు. అమ్మిన ఏటి పన్ను కాగితాలతో పాటే. వదిలేసిన తరుగుదలంతా ఒక్కసారే వస్తుంది, ఆ పన్నెండు వేలకీ చెల్లుకి చెల్లు. స్థలం విలువ పక్కనపెట్టి, కట్టడంలో అద్దెకిచ్చిన మూడింట రెండు వంతులకి వాళ్ళ లెక్కలో ఆయుష్షు ఇరవై ఏడున్నర ఏళ్ళు. అంటే పై అంతస్తుల ఆయుష్షు కాగితం మీద ఆరేళ్ళ క్రితమే అయిపోయింది."

"అయిపోయిందా? మరి ఈ ఆరేళ్ళూ ఇదాలీనా పిల్లలు గాల్లో కాపురముంటున్నారా?"

"పిన్నీ, ఉత్త లెక్క. ఒక్క సంతకం."

"పెట్టను. నా ఇల్లు నిక్షేపంలా ఉంది. అబద్ధానికి సంతకం పెట్టను." కోటు తగిలించుకుని వచ్చేసింది.

వచ్చేసింది సరే, ఆ పన్నెండు వేలు ఎక్కడి నుంచి వస్తాయి? అవి పోతే ఇల్లమ్మిన డబ్బు సరిపోదు, ఫ్లాటు చేతికి రాదు. మిగిలింది ఒకటే దారి, ఇదాలీనాకి ధర పెంచడం. పెంచితే బ్యాంకు ఇవ్వదు, ఆ పిల్ల కొనలేదు. రాత్రంతా లెక్కలు వేసుకుంది. మాట తప్పడం ఆవిడ ఒంట్లో లేదు. అయినా మర్నాడు పొద్దున్నే, చెప్పేద్దామని, రెండేళ్ళుగా ఎక్కని మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

రెండో అంతస్తు దాటాక పైనుంచి ఇదాలీనా బట్టల బుట్టతో దిగుతూ కేక పెట్టింది. "అత్తా! ఆ మెట్టు మధ్యలో కాలు పెట్టకు. గోడ పక్కగా రా. గుంట పడింది, జారుతుంది."

దియొలిందా వంగి చూసింది. మెట్టు నడుమ చెక్క చట్టిలా లోపలికి దిగిపోయి ఉంది. ఆ పైదీ అంతే, ఆ పైదీ అంతే. తనే ఏటా వార్నిష్ పూసిన మెట్లు, ఒక్కసారీ ఈ కంటితో చూడలేదు.

"ఇది ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచో. నేను బడికెళ్ళే రోజుల నుంచీ ఉంది."

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

ఇదాలీనా బుట్ట కింద పెట్టింది. "అమ్మ చెప్పొద్దంది అత్తా. ఇల్లు పాతబడిందంటే నువ్వు తట్టుకోలేవని. వంటింటి కిటికీ కొయ్య పుచ్చితే నాన్న నువ్వు చర్చికెళ్ళినప్పుడు మార్చాడు. స్నానాల గదిలో నేల కుంగితే మా ఆయన చూసుకున్నాడు. కింద రెండో అంతస్తువాళ్ళు కూడా అంతే. నీదాకా రానివ్వకూడదని అందరం అనుకున్నాం."

"అందరూనా?"

"అందరం."

దియొలిందా ఆ మెట్టు మీదే కూలబడింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఆపుకోలేకపోయింది. తను ఇన్నేళ్ళూ ఇంటిని కాపాడుతున్నాననుకుంది. వీళ్ళంతా తనని కాపాడారు. ఎర్మెలిందా చచ్చిపోయే రోజు కూడా ఈ మెట్ల మాట ఎత్తలేదు. తను పక్కన కూర్చుంటే కబుర్లే చెప్పింది.

"ఏంటత్తా, ఏదో చెప్పడానికొచ్చినట్టున్నావు?"

"ఫోనిటివ్వు."

నార్బెర్టో ఎత్తగానే, "ఆ ఫారం తయారుచెయ్యి, సంతకం పెడతాను," అంది.

"నిన్న అబద్ధమన్నావుగా పిన్నీ?"

"నిన్న నాకు తెలీదురా. నిజంగానే అరిగింది. ఎర్మెలిందా అరగదీసింది, ఈ పిల్ల అరగదీసింది, దీని పిల్లలు అరగదీస్తున్నారు. ఎంత అరిగిందో అంతా రాయి. ఒక్క ఏడాది కూడా వదలకు."