యాదమ్మ చాపిన చెయ్యి

జార్జియాలో మెడిసిన్ రెండో ఏడు చదువుతూ సెలవులకు మెదక్ వచ్చాను. అప్పటికే మా అమ్మ వాడకట్టంతా చెప్పి నన్ను డాక్టరమ్మను చేసేసింది. పక్కింటి యాదమ్మ వచ్చి, "జర బీపీ చూడు బిడ్డా" అని చెయ్యి చాపింది. జార్జియాలో మాకింకా పుస్తకాల చదువే, పేషెంటును ముట్టింది లేదు. కొత్తగా కొన్న బీపీ మిషను పట్టీ ఆమె చేతికి చుట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంటే ఏమీ వినిపించలేదు. చుట్టూ అందరూ చూస్తున్నారు. రాదని చెప్పడానికి నామోషీ అనిపించి, "నార్మలే ఉంది పెద్దమ్మా" అన్నాను.

"గట్లయితే ఇగ బీపీ గోలీలెందుకు?" అని ఆమె సంబరపడింది. నేను నవ్వి ఊరుకున్నాను.

నాలుగో రోజు పొద్దున ఆమె నల్లా దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఆటోలో దవాఖానకు నేనూ వెళ్లాను. బీపీ చూసి, గోలీలు మానేసిందని తెలుసుకున్న నర్సు, "గోలీలు బంద్ చెయ్యమని ఎవరు చెప్పిండ్రు?" అని గట్టిగా కోప్పడింది.

యాదమ్మ నా వైపు ఒక్కసారి చూసి, "ఎవ్వరు చెప్పలే సిస్టరమ్మా, నేనే మర్సిపోయిన" అంది.

ఇప్పుడు నాకు బీపీ చూడటం వచ్చు. సెలవులకు వచ్చిన ప్రతిసారీ యాదమ్మ అదే నమ్మకంతో చెయ్యి చాపుతుంది. ఆమె ముఖంలోకి మాత్రం ఇంకా చూడలేను.